మామయ్య పెన్షను, మేనకోడలి రాజీనామా

ప్రశ్న: నా వయసు 28. ఒక పెద్ద హోటల్లో రోజూ సాయంత్రం పాటలు పాడతాను. నెల తిరిగేసరికి జీతం పడుతుంది, పీఎఫ్ ఉంది, వారానికో సెలవు. నాకు చిన్నప్పటి నుంచీ పద్యనాటకమంటే ప్రాణం. నేర్పింది మా మేనమామ. నాన్న పోయాక మమ్మల్ని ఆదుకున్నదీ, నన్ను చదివించిందీ ఆయనే. గవర్నమెంటు స్కూల్లో మాస్టారుగా చేసి రిటైరయ్యారు, చాలా ఏళ్లుగా సొంత నాటక సమాజం నడుపుతున్నారు. అందులో హరిశ్చంద్ర నాటకానికి నేను చంద్రమతి వేస్తున్నాను. ఇప్పుడు ఉద్యోగం మానేసి పూర్తిగా నాటకాల్లోకి రమ్మంటున్నారు. "తినేవాళ్ల ముందు పాడేది కూడా ఒక పాటేనా, సురభి నాటకాల ఆడవాళ్లని చూసి నేర్చుకో" అంటారు. పోయిన సీజన్లో డ్రెస్సుల అద్దె, హార్మోనిస్టు డబ్బులు నేనే సర్దాను, దాని గురించి నాకేం బాధ లేదు. తమ్ముడు డిగ్రీ చదువుతున్నాడు. అమ్మేమో మామయ్య మాట కాదనొద్దంటుంది. స్థిరమైన ఉద్యోగమా, నా కలా? ఏది ఎంచుకోవాలి?

జవాబు: ఉద్యోగం మానకమ్మా. నువ్వడిగిన దానికి జవాబు ఇంతే. తమ్ముడి చదువు ఇంకా పూర్తి కాలేదు, ఇంట్లోకి జీతం తెచ్చేది నువ్వొక్కదానివే, నాటకాలకేమో శివరాత్రి, శ్రీరామనవమి, ఎండాకాలం జాతరలు దాటాయంటే పిలుపులు పలచబడిపోతాయి, వానాకాలమంతా పెట్టె కట్టేసి కూర్చోవాల్సిందే. ఈ లెక్క నాకంటే నీకే బాగా తెలుసు. తెలిసి కూడా నన్నెందుకు అడుగుతున్నావా అని ఆలోచిస్తే నాకు అసలు సంగతి అర్థమైంది.

నీ ఉత్తరం నిండా మామయ్యే ఉన్నారు. నేర్పింది ఆయన, చదివించింది ఆయన, వేషమిచ్చింది ఆయన, ఉద్యోగం మానెయ్యమంటున్నది ఆయన, డ్రెస్సుల అద్దె తను కట్టకుండా నీచేత కట్టించింది కూడా ఆయనే. నాటకం ప్రాణమని ఒక్క ముక్క రాశావు గానీ, ఏ సీను చేస్తుంటే నీకు ఒళ్లు తెలియదో, ఏ పద్యానికి జనం వన్స్‌మోర్ కొట్టారో, చంద్రమతి తర్వాత ఏ వేషం కట్టాలని ఉందో, ఏమీ రాయలేదు. నాటకం పిచ్చి ఉన్నవాళ్లు నాకు రాసే ఉత్తరాలు ఇలా ఉండవు, వాళ్లని ఆపడం కష్టం, అడగకపోయినా రాగాల గురించి రెండు పేజీలు రాస్తారు. నీకు ఇష్టం లేదని నేననడం లేదు. ఉండే ఉంటుంది. కానీ ఆ ఇష్టంలో నీ వాటా ఎంత, మామయ్యకి ఎదురుచెప్పలేని మొహమాటం ఎంత అన్నది నువ్వు ఇప్పటిదాకా విడదీసి చూసుకోలేదు.

ఇక మీ మామయ్యగారి దగ్గరికి వస్తాను. పెద్దమనిషి, తండ్రి లేని పిల్లల్ని ఒడ్డెక్కించిన మనిషి, ఆ గౌరవం నాకూ ఉంది. కానీ ఒక సంగతి నువ్వే రాసి నువ్వే పట్టించుకోకుండా దాటేశావు. ఆయన మాస్టారుగా రిటైరయ్యారు! అంటే ముప్ఫయ్యేళ్లో, ఎన్నేళ్లో, పగలు బడిలో పాఠం చెప్పి, రాత్రి రంగు పూసుకుని స్టేజీ ఎక్కి, పొద్దున్నే చెవుల వెనక రంగు సరిగ్గా పోకుండానే మళ్లీ హాజరుపట్టీ తీసిన మనిషన్నమాట. అందులో తప్పేమీ లేదు, మన పద్యనాటకాన్ని నిలబెట్టిన వాళ్లలో చాలామంది ఇలాంటి మాస్టార్లూ గుమాస్తాలూ కరణాలే. ఇప్పుడు ఆయనకి నెలనెలా పెన్షను వస్తోంది. ఆయన ఒక్కరోజు కూడా ఉద్యోగం వదలకుండా చేసిన కళాసేవని నువ్వు మాత్రం రాజీనామా ఇచ్చి చెయ్యాలట. ఎందుకని ఒక్కసారైనా అడిగావా? అడిగి ఉండవు.

సురభి పేరు తెచ్చారు కాబట్టి దాని గురించి కూడా చెప్పుకుందాం. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన ఆ సమాజం ఒక కుటుంబం. మిగతా చోట్ల మగవాళ్లే ఆడవేషాలు కడుతున్న రోజుల్లో వాళ్ల ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు, నిజమే, దానికి ఎంత దణ్ణం పెట్టినా తక్కువే. కానీ అక్కడ తాత, మనవడు, కోడలు, చంటిపిల్ల అందరూ ఆ తెర వెనకే బతికారు, టికెట్లు తెగితే అందరూ తిన్నారు, తెగకపోతే అందరూ పస్తున్నారు. పెన్షను వచ్చే ఒకాయన ఇంకొకరి జీతం మాన్పించి సురభి కథ చెప్పడం వేరు. మీ మామయ్యగారి పిల్లల్లో ఎవరైనా ఉద్యోగం మానేసి సమాజంలో చేరారా? నీ ఉత్తరంలో వాళ్ల ఊసే లేదు కాబట్టి అడుగుతున్నాను.

హోటల్ పాట గురించి ఆయనన్న మాట కూడా నాకు నచ్చలేదు. అక్కడ నువ్వు పాడే పాట మంచి పట్టులో ఉన్నప్పుడు ఎవరో కేకు తెప్పిస్తారు, కీబోర్డు అబ్బాయి నీ వైపు చూస్తాడు, పాట అక్కడ ఆపేసి నవ్వుతూ పుట్టినరోజు పాట అందుకుని, అది అవగానే వదిలేసిన చరణం అదే శ్రుతిలో మళ్లీ ఎత్తుకోవాలి. వినేవాళ్లు వినకపోయినా అపశ్రుతి పోకుండా రోజుకి మూడు గంటలు పాడటం చిన్న విషయం కాదు. కాటి సీనులో పద్యం చివర రాగం తీసి చప్పట్లు కొట్టించుకునే వాళ్లలో ఎంతమంది చప్పట్లు లేని చోట అలా పాడగలరో చెప్పమను. నీ సంపాదన తిండికి పనికొస్తుంది, డ్రెస్సుల అద్దెకి పనికొస్తుంది, గౌరవానికి మాత్రం పనికిరాదా? జీతం తెచ్చే ఆడపిల్ల పనిని చులకన చేస్తూ ఆ జీతాన్నే వాడుకోవడం ఎవరు చేసినా తప్పే, మేనమామ చేస్తే ఇంకా తప్పు.

"సర్దాను, బాధ లేదు" అని రాశావు చూడు, ఆ మాట నేను నమ్మను. బాధ లేని విషయాన్ని ఎవరూ ఉత్తరంలో రాయరు. నువ్వు చేస్తున్న పనికి పేరు ఆర్టిస్టు కాదు, ఫైనాన్సర్. కాంట్రాక్టు నాటకాల పద్ధతి నీకు తెలుసు, ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు వస్తారు, ఎవరి సీను అవగానే వాళ్లు డబ్బు లెక్కపెట్టుకుని బయల్దేరతారు, హార్మోనిస్టు కూడా ముందే మాట్లాడుకుని గానీ పెట్టె తెరవడు. ఆ రాత్రి తనే ఎదురు డబ్బిచ్చి వేషం కట్టింది నువ్వొక్కదానివే. ఉద్యోగం మానేస్తే మరుసటి సీజన్లో ఆ అద్దెలు ఎవరు కడతారో మామయ్యగారు ఆలోచించినట్టు లేదు. లేదా నీ పీఎఫ్ డబ్బు సంగతి ఆలోచించారేమో, నాకు తెలియదు, ఆ మాట అనుకోవడానికి కూడా ఇబ్బందిగానే ఉంది, కానీ అనుకున్నాను.

కథలో చంద్రమతి ఎవరి అప్పు కోసం అమ్ముడుపోయిందో నీకు వేరే చెప్పాలా! స్టేజీ మీద చాలదా, ఇంట్లో కూడా అదే వేషం ఎందుకమ్మా? పైగా నక్షత్రకుడిలా వెంటపడటానికి మీ అమ్మ ఉంది. ఆవిణ్ణి నేనేమీ అనను. భర్త పోయి, పుట్టింటి నీడలో పిల్లల్ని పెంచుకున్న మనిషికి అన్న మాట కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ కృతజ్ఞత ఆవిడది, ఆవిడ ఉంచుకోవచ్చు. దాన్ని నీ జీతంతో చెల్లు పెట్టడం మాత్రం కుదరదు. పెంచిన ఋణం తీరదంటారు కదా, నేనూ అదే అంటాను. తీరనప్పుడు వాయిదాలు కట్టడం దేనికి? ఆయనకి ఒంట్లో బాగోలేకపోతే ముందు నువ్వు పరుగెత్తు, ఆస్పత్రిలో రాత్రిళ్లు కూర్చో, పండక్కి బట్టలు పెట్టు, కాళ్లకి దణ్ణం పెట్టు. అది మేనకోడలు చెయ్యాల్సిన పని. సమాజానికి చందా కట్టడం అందులోకి రాదు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. ముందు హోటల్లో మేనేజర్ని అడుగు. సీజన్లో నెలకి నాలుగైదు రాత్రులు సెలవు కావాలని, వారం సెలవు మార్చుకుంటానని, నీ బదులు పాడే అమ్మాయిని నువ్వే చూపిస్తానని అడుగు. ఇంతవరకు అడిగినట్టు నువ్వు రాయలేదు. అడక్కుండానే ఉద్యోగమా కలా అని రెండుగా చీల్చుకుని టెన్షన్ పడుతున్నావు. ఇంకో మాట, రోజూ మైకుకి దగ్గరగా మెల్లగా పాడే గొంతుతో ఒక రాత్రి ఉన్నట్టుండి మగవాళ్ల శ్రుతికి సర్దుకుని ఎత్తుగా రాగాలు తీస్తే గొంతు పట్టేస్తుంది. నాటకం మర్నాడు హోటల్లో కూడా సెలవు పెట్టుకో. బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే మిరియాల కషాయంతో సరిపెట్టకుండా ఈఎన్‌టీ డాక్టరుకి చూపించు.

తర్వాత, ఒక్క వేషమైనా వేరే సమాజంలో వెయ్యి. ఇది తప్పనిసరి. మామయ్య హార్మోనియం దగ్గర నేర్చుకున్న పద్యాన్ని, నిన్ను మేనకోడలిగా ఎరగని హార్మోనిస్టు పక్కన పాడి చూడు. నాటక పరిషత్తు పోటీలు జరుగుతూనే ఉంటాయి, ఆడవేషానికి మంచి గాత్రం ఉన్నవాళ్లు దొరకక సమాజాలు వెతుక్కుంటున్నాయి, నువ్వు అడగడమే ఆలస్యం. అక్కడ కూడా తెర లేవగానే నీకు ఒళ్లు పులకరిస్తే ఆ కల నీదే, అప్పుడు ఉద్యోగం సంగతి మళ్లీ మాట్లాడుకుందాం, తమ్ముడు కూడా అప్పటికి సంపాదనలో పడతాడు. పులకరించకపోతే అదీ మంచిదే, మామయ్య మీద ప్రేమతో ఏటా రెండు నాటకాలు వేసి హాయిగా ఉండు.

మామయ్యతో అమ్మని అడ్డం పెట్టుకోకుండా నువ్వే మాట్లాడు. జనం లేనప్పుడు, రిహార్సలు అయ్యాక కాకుండా ఇంట్లో, మధ్యాహ్నం పూట. "మామయ్యా, నువ్వు ఉద్యోగం చేస్తూనే నాటకం వేశావు, నేనూ అలాగే వేస్తాను. వేషానికి పిలిస్తే వస్తాను, డబ్బు మాత్రం ఇక సర్దలేను." ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు. సంజాయిషీ మొదలుపెట్టావంటే ఆయన మాస్టారు, నిన్ను మాటల్లో పడెయ్యడం ఆయనకి క్షణం పని. కోపం వస్తుంది, నెలా రెండు నెలలు పలకరేమో, అమ్మ ఏడుస్తుంది. ఏడవనీ. చంద్రమతి వేషం ఇంకొకరికి ఇచ్చేసినా ఇవ్వనీ, ఆ వచ్చే అమ్మాయి డ్రెస్సుకి అద్దె కడుతుందో లేదో ఆయనకే తెలుస్తుంది.

హార్మోనిస్టుకి పోయిన సీజన్ బాకీ ఇంకేమైనా మిగిలి ఉంటే, అతను నీకు ఫోన్ చేస్తే, మామయ్య నంబరు ఇచ్చి పెట్టెయ్యి.