ఏలియన్స్ కాకపోతే మరెవరు?

పోయిన నెల ఎగిరే పళ్లాల మీద రెండు ముక్కలు రాసినందుకు ఉత్తరాలు కుప్పగా వచ్చాయి. అన్నిటికీ చోటు లేదు కాబట్టి నాలుగు తీసుకున్నాను.

ప్రశ్న: మాస్టారూ, 2023 జులైలో డేవిడ్ గ్రష్ అనే మాజీ ఇంటెలిజెన్స్ అధికారి అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు ప్రమాణం చేసి మరీ చెప్పాడు కదా, కూలిన వాహనాల్లో మనుషులవి కాని అవశేషాలు దొరికాయని. అంటే వేరే గ్రహం వాళ్లనుకోవాలా? వాళ్లు కాకపోతే ఇంకెక్కడి నుంచి వస్తారు?
– డిగ్రీ విద్యార్థి, నిజామాబాద్

జవాబు: గ్రష్ తన కళ్లతో చూశానని చెప్పలేదు. నాలుగేళ్లలో నలభై మందికి పైగా సాక్షులతో మాట్లాడితే వాళ్లు చెప్పిన సంగతి అది. ఆ వస్తువేదీ ఇంతవరకు జనం ముందుకు రాలేదు. 2024 మార్చిలో అమెరికా రక్షణ శాఖ పెంటగాన్‌లో ఇలాంటి వింత వస్తువుల సంగతి చూసే విభాగం పాత ఫైళ్లు తిరగేసి, అలాంటి ఆధారం ఏదీ కనపడలేదని రిపోర్టు ఇచ్చింది. కాబట్టి దాన్ని పక్కన పెడదాం. మీ రెండో ప్రశ్న మాత్రం నాకు చాలా ఇష్టమైనది, ఎందుకంటే 'మనిషి కాదు' అనగానే 'గ్రహాంతరవాసి' అనేసుకోవడం మనకు అలవాటైపోయింది, ఆ రెంటి మధ్య చాలా దూరం ఉంది.

ముందు గ్రహాంతరం సంగతే చూద్దాం. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ, 4.24 కాంతి సంవత్సరాలు (వెలుగు ఒక ఏడాదిలో పోయే దూరం ఒక కాంతి సంవత్సరం). మనుషులు పంపిన వాయేజర్-1 అంతరిక్ష నౌక సెకనుకు 17 కిలోమీటర్ల చొప్పున పోతోంది, ఆ వేగంతో అక్కడికి చేరాలంటే దాదాపు 75 వేల ఏళ్లు పడుతుంది. రక్తమాంసాలున్న ప్రాణి అంత ప్రయాణం చేసి వచ్చి, అర్ధరాత్రి ఎవరి పొలం మీదో రెండు చక్కర్లు కొట్టి వెళ్లిపోతుందంటే నాకు మనసొప్పదు. యంత్రమైతే వేరు, యంత్రానికి ఆకలి లేదు, తొందరా లేదు. 1960లోనే రోనాల్డ్ బ్రేస్‌వెల్ అనే రేడియో ఖగోళ శాస్త్రవేత్త ఈ మాట చెప్పాడు: తెలివైన జాతులు తాము రాకుండా యంత్రాలను పంపి, నక్షత్రాల దగ్గర కాపలా పెట్టి, అక్కడ ఎవరైనా మాట్లాడే స్థాయికి ఎదిగితే పలకరించమంటాయేమో అని. ఉన్న ఊహలన్నిటిలో నాకు నచ్చింది ఇదే. కారణం ఒక్కటే, ఇది నిజమైతే ఆనవాలు ఉండాలి. ఏ కక్ష్యలోనో, చంద్రుడి మీదో ఒక వస్తువు దొరకాలి, మనం వెళ్లి వెతకొచ్చు.

రెండో దారి ఇంకా చిత్రం. వాళ్లు బయటి నుంచి రాలేదు, ఇక్కడే మనకంటే ముందు పుట్టారు అనేవాళ్లున్నారు. 2018లో గేవిన్ ష్మిట్, ఆడమ్ ఫ్రాంక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సీరియస్‌గా ఒక ప్రశ్న వేసుకున్నారు. కోట్ల ఏళ్ల కిందట భూమ్మీద ఒక పారిశ్రామిక నాగరికత ఉండి పోయి ఉంటే మనకు తెలుస్తుందా? ఊళ్లు, రోడ్లు ఏవీ మిగలవు, అన్నీ అరిగిపోతాయి. రాతి పొరల్లో కార్బన్ లెక్క మారడం, భూమి ఒక్కసారిగా వేడెక్కిన గుర్తు, అంతే మిగులుతాయి. 5.6 కోట్ల ఏళ్ల కిందటి పొరలో అచ్చం అలాంటి గుర్తే ఉంది, కానీ అది సహజంగా జరిగిందేనని అంటారు, అలాంటి జాతి ఉండేదని ఆ ఇద్దరూ కూడా నమ్మడం లేదు. అయినా ఆ ప్రశ్న వేసిన తీరు చూడండి, ఉంటే ఏం మిగలాలి అని అడిగారు. నాకు కావాల్సింది అదే.

భవిష్యత్తు నుంచి తిరిగొచ్చిన మన మనవళ్లే వీళ్లు, అందుకే పెద్ద తల, సన్నటి ఒళ్లు అని మైకేల్ మాస్టర్స్ అనే ఆంత్రోపాలజిస్ట్ అంటాడు. ఆనవాలు ఎక్కడ వెతకాలో తెలియని ఊహ అది, దాని జోలికి నేను పోను.

ప్రశ్న: మన పురాణాల్లో విమానాలు, లోకాలు అన్నీ ఉన్నాయి కదండీ. వాటిలో తిరిగినవాళ్లే ఈ ఏలియన్స్ అని ఎందుకు అనుకోకూడదు?
– ఉపాధ్యాయురాలు, తణుకు

జవాబు: అమ్మా, భాగవతం నవమ స్కంధంలో రైవతుడి కథ మీకు గుర్తుండే ఉంటుంది. కూతురు రేవతిని వెంటబెట్టుకుని, తగిన వరుణ్ణి చెప్పమని బ్రహ్మలోకానికి వెళ్తాడు. అక్కడ గానం జరుగుతుంటే కాసేపు ఆగుతాడు. పాట అయ్యాక అడిగితే బ్రహ్మ నవ్వి, నువ్వనుకున్న వాళ్లెవరూ ఇప్పుడు లేరయ్యా, కింద 27 మహాయుగాలు గడిచిపోయాయి అంటాడు. ఈ కథ ఎన్నిసార్లు చదివినా ఒళ్లు జలదరిస్తుంది నాకు.

కానీ ఇలాంటి కథలు మన ఒక్కళ్లవే కావు, ఇప్పుడు యూరప్ వెళ్దాం. 9వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని లియాన్ ఊళ్లో అగోబార్డ్ అనే బిషప్ ఉండేవాడు. మబ్బుల్లో ఓడలేసుకుని 'మగోనియా' అనే దేశం నుంచి మనుషులు వస్తారని అక్కడి జనం నమ్మేవాళ్లు. ఓడలోంచి పడ్డారంటూ నలుగురిని కట్టేసి రాళ్లతో కొట్టబోతుంటే ఆయన అడ్డుపడ్డాడు. జాక్ వలే అనే పరిశోధకుడు 1969లో ఇలాంటివన్నీ పోగేసి, యక్షిణుల లోకానికి వెళ్లొచ్చిన వాళ్ల కథలకూ ఇప్పటి ఏలియన్ కథలకూ పోలిక చూపించాడు. రైవతుడికి జరిగినట్టు కాసేపనుకుంటే ఏళ్లు గడిచిపోవడం, పొట్టి మనుషులు, వెలుగులు రెండు చోట్లా ఉన్నాయి. ఆయన ఊహ ఏంటంటే, ఇది ఎప్పటినుంచో మన పక్కనే ఉన్నదేదో, ఒక్కో కాలానికి ఒక్కో వేషంలో కనిపిస్తోంది అని. నాకు ఇంకోలా తోస్తుంది. వింత వెలుగు ఎదురైతే మనసు తన ఊళ్లో ఉన్న పేరే దానికి పెడుతుంది. మా చిన్నప్పుడు చెరువు గట్టున రాత్రిపూట కదిలే మంటను నాయనమ్మ కొరివి దెయ్యం అనేది, అమెరికాలో పుట్టి ఉంటే ఎగిరే పళ్లెం అనేదేమో. ఒకరోజు బాబాయి భుజమెక్కి దగ్గరికి వెళ్లి చూస్తే, పాత టైరు ముక్క కాల్చుకుని పీతలు పడుతున్న ఇద్దరు మనుషులు.

విమానాల సంగతికొస్తే, ప్రాచీన విమాన విద్య అని చెప్పుకునే 'వైమానిక శాస్త్రం' అనే పుస్తకాన్ని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు 1974లో పరీక్షించారు. అది 20వ శతాబ్దం మొదట్లో పుట్టిందేననీ, అందులోని విమానాలు ఎగరలేవనీ తేల్చారు. మన కథల గొప్పతనానికి ఆ పుస్తకం అవసరం లేదమ్మా.

ప్రశ్న: ఇంతకీ మీరేం నమ్ముతారు? సూటిగా చెప్పండి.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

జవాబు: సూటిగానే. అమెరికా వైమానిక దళం బ్లూ బుక్ పేరుతో 1969 దాకా ఎగిరే పళ్లాలు చూశామన్న 12,618 కేసులు చూస్తే 701 తేలలేదు. తేలలేదంటే వివరాలు చాలలేదనే అర్థం ఎక్కువసార్లు. కానీ 2004 నవంబర్‌లో శాన్‌డియాగో తీరం దగ్గర అమెరికా నౌకాదళ కమాండర్ డేవిడ్ ఫ్రేవర్‌తో సహా రెండు యుద్ధ విమానాల్లోని వాళ్లు పట్టపగలు చూసిన ఆ తెల్లటి వస్తువు ఉందే, దాదాపు 40 అడుగుల పొడవు, రెక్కల్లేవు, పొగ లేదు, అది నన్ను వదలదు. నాకు ఏలియన్స్ మీద నమ్మకం కుదరలేదు, ఆ పైలట్లు అబద్ధం చెప్పారనీ అనుకోను.

ప్రశ్న: తెల్లారగట్ట మోటార్ వేయడానికి పొలానికి పోతే, ఇంకా చీకటి ఉండగానే ఆకాశంలో గుండ్రంగా తెల్లగా ఒకటి మెరుస్తూ కనపడింది. గంటసేపు కదల్లేదు. మా వాళ్లు నవ్వుతున్నారు. ఏమై ఉంటుంది సార్?
– రైతు, వికారాబాద్ జిల్లా

జవాబు: నవ్వనివ్వండి, మీరు చూసింది మీరు చూశారు. మీ జిల్లా పేరు చూడగానే నాకు తట్టింది బెలూన్. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) వాళ్ల కేంద్రం నుంచి పలచటి ప్లాస్టిక్ బెలూన్లు పరికరాలతో 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తాయి. అంత ఎత్తులో సూర్యుడు మనకంటే దాదాపు పాతిక నిమిషాలు ముందే ఉదయిస్తాడు, అందుకే మీ పొలం చీకట్లో ఉండగానే అది వెలిగిపోతుంది. 2022 డిసెంబర్‌లో మీ జిల్లాలోనే పొలాల్లో పెద్ద గుండ్రటి క్యాప్సూల్ దిగితే ఊళ్లకు ఊళ్లు పరుగెత్తాయి గుర్తుందా, అదీ బెలూన్‌తో పంపిందే. శుక్రగ్రహం కూడా కావచ్చు. లద్దాఖ్ సరిహద్దులో మన సైన్యం నెలల తరబడి రాసుకున్న వింత వెలుగులు గురుడు, శుక్రుడని బెంగళూరు ఖగోళ శాస్త్రవేత్తలు 2013లో తేల్చారు. నిఘా పెట్టిన సైనికులే పొరబడ్డారు, మీదేముంది.

మళ్లీ కనిపిస్తే ఒక పని చేయండి. ఫోన్‌ను మోటార్ షెడ్డు గోడకు ఆనించి, వేపకొమ్మో కరెంటు స్తంభమో ఫ్రేమ్‌లో పడేలా పది నిమిషాలకో ఫొటో తీయండి, టైమ్ రాసుకోండి, ఏ దిక్కో రాసుకోండి. శుక్రుడైతే కొమ్మకూ దానికీ మధ్య దూరం పది నిమిషాలకు రెండున్నర డిగ్రీల లెక్కన మారుతుంది, అంటే చేయి చాపితే వేలు మందం కంటే కాస్త ఎక్కువ. బెలూనైతే గాలిని బట్టి పోతుంది. ఏదైనా పరికరం రంగు పారాచూట్‌తో సహా చేలో పడితే మాత్రం ముట్టుకోకండి, హై వోల్టేజ్ ఉండొచ్చు, పోలీసులకు ఫోన్ చేయండి. ఫొటోలు నాకు పంపండి, కూర్చుని ఇద్దరం చూద్దాం.