తుపాను లెక్కలు కట్టే ఉద్యోగానికి ఏం చదవాలి?

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరండి. నాలుగెకరాల వరి, కాస్త కొబ్బరి. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. అక్టోబరులో మొంథా తుపానుకు ముందు ఫోన్ చూసి "నాన్నా, కోతకి మనుషుల్ని పిలవకు" అంది. ఆగాను. చేను పడిపోయింది గానీ గింజ దక్కింది. అప్పట్నుంచి వాతావరణ శాఖలో ఉద్యోగం చేస్తానంటోంది. బంధువులంతా కంప్యూటర్ సైన్స్‌లో వేసేయమంటున్నారు. దీనికి చదువులు, ఉద్యోగాలు ఉన్నాయా? ఆడపిల్లని ఏ ఊరు పంపిస్తారో అని కూడా టెన్షన్.

జవాబు: కోసిన పనలు రెండు రోజులు నీళ్లలో నానితే మొలకలొచ్చి ఏమవుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. పదిహేడేళ్ల పిల్ల మాట విని కోత ఆపారు చూడండి, అందుకు ముందు మీకో నమస్కారం.

మీ అమ్మాయి చూసింది విండీ లాంటి యాప్ అయి ఉంటుంది. అందులో సుడులు తిరిగే రంగులను చాలామంది తుపాను ఫొటో అనుకుంటారు. అవి లెక్కలండి. రేపటి వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే ప్రోగ్రాముని మోడల్ అంటారు. యూరప్ వాళ్ల మోడల్ ఒకటి, అమెరికా వాళ్లది ఇంకొకటి. ఒక్కోసారి ఒకటి మచిలీపట్నం అంటుంది, రెండోది కాకినాడ అంటుంది. ఆ రెండిటి మధ్యలో కోనసీమ మొత్తం ఉంది! వాటిలో ఏది ఎంతవరకు నమ్మాలో తేల్చి, ఏ జిల్లాకి ఆరెంజ్, ఏ జిల్లాకి రెడ్ అని రాసే మనిషి ఒకరుంటారు. మీ పిల్ల అడుగుతున్నది ఆ కుర్చీ. దాని దగ్గరికి వెళ్లాలంటే ఫిజిక్స్, లెక్కలు తప్పవు. కాలిక్యులస్ అంటే మొహం చిట్లిస్తుందా, రెండో పద్ధతిలో కూడా చేసి చూస్తుందా అన్నది ఇంట్లో మీరే గమనించండి. మొదటిదైతే ఈ సరదాని సరదాగానే ఉంచేయడం మంచిది.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కాకినాడకి దిగువన మన తీరం దాటినప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. తెల్లారి చూస్తే మా తోటలో సగం చెట్లకి తలల్లేవు. వెయ్యి మందికి పైగా పోయారు. వేటకెళ్లి తిరిగిరానివాళ్లే వాళ్లలో చాలామంది. అప్పుడు రాడార్లు లేవనుకోకండి. దేశంలో మొదటి తుపాను రాడార్ 1970లో మన విశాఖపట్నంలోనే పెట్టారు, మచిలీపట్నంలోనూ ఒకటి ఉండేది. అవి వాన ఎక్కడుందో చూపించేవి. ఇప్పుడున్న డాప్లర్ రాడార్ ఆ వాన చినుకులు తనవైపు వస్తున్నాయా, దూరంగా పోతున్నాయా, ఎంత వేగంతో అన్నది కూడా పట్టేస్తుంది. గేటు దగ్గర నిలబడితే రైలు వచ్చేటప్పుడు కూత సన్నగా, దాటి వెళ్లాక బొంగురుగా వినిపిస్తుంది కదా, అదే సూత్రం. తెర మీద దగ్గరికొచ్చేవి ఆకుపచ్చ, దూరంగా పోయేవి ఎరుపు. ఆ రెండు రంగులూ పక్కపక్కన అతుక్కుని కనిపిస్తే అక్కడ గాలి సుడి తిరుగుతోందని అర్థం. పైన 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఇన్సాట్ ఉపగ్రహాలు మబ్బుల్ని కనిపెట్టుకుని ఉంటాయి. తాజాది ఇన్సాట్-3డీఎస్, 2024 ఫిబ్రవరిలో పైకెళ్లింది.

ఇంత టెక్నాలజీ ఉన్నా నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఒక బెలూన్. ఒకసారి మా పిల్లల్ని తీసుకుని ఒక వాతావరణ కేంద్రానికి వెళ్లాను. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. మనిషి కంటే ఎత్తున ఊగుతున్న తెల్ల బెలూన్, దాని కింద పొడుగాటి దారం, దారానికి టీ పొడి ప్యాకెట్టంత డబ్బా. ఒకాయన గాలివాటం చూసుకుని, నాలుగడుగులు పరిగెత్తి వదిలేశాడు. లోపలికొచ్చి చూస్తే అది పైకెళ్తూ వేడి, చెమ్మ, గాలి లెక్కలన్నీ పంపిస్తోంది. దాదాపు 30 కిలోమీటర్ల దాకా వెళ్లి పగిలిపోతుందట. పొద్దున 5:30, సాయంత్రం 5:30 లెక్కలకి ప్రపంచమంతా ఒకే వేళకి ఇలాంటివి వదులుతారు. అక్కడ ఏ దేశమని లేదు, మోడల్స్ అన్నిటికీ ఇదే మేత. ఆ బెలూన్ వదిలినాయన చదివింది ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. ఇది మీ బంధువుల్లో పాలిటెక్నిక్ పిల్లలెవరైనా ఉంటే చెప్పండి.

ఇక చదువు సంగతి. ఇంటర్ అవ్వగానే 'వాతావరణ శాస్త్రం' అన్న పేరున్న డిగ్రీ కోసం వెతక్కండి. ఫిజిక్స్ మేజర్, మ్యాథ్స్ మైనర్‌గా మంచి ల్యాబ్ ఉన్న కాలేజీలో డిగ్రీ, ఆ తర్వాత ఎమ్మెస్సీ. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి ఈ సబ్జెక్టులో పాత పేరుంది, సముద్రం, వాతావరణం రెండూ అక్కడ ఒకే విభాగం. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. మార్కుల పిచ్చిలో పడి ల్యాబ్ ఎగ్గొట్టనివ్వకండి.

కంప్యూటర్ సైన్స్‌లో వేస్తే దారి మూసుకుపోతుందా అంటే, లేదు. మోడల్స్ నడిపేది సూపర్ కంప్యూటర్లే కాబట్టి కోడ్ రాసేవాళ్లు కావాలి. కానీ అలా వెళ్లిన పిల్లల్లో చాలామందికి మూడో ఏడాదికి క్యాంపస్ ఆఫర్లు తప్ప మబ్బులు గుర్తుండటం లేదు. నేనైతే ఫిజిక్స్ వైపే మొగ్గుతాను. పక్కన పైథాన్ అనే కోడింగ్ భాష నేర్చుకోమనండి. ఫోర్‌ట్రాన్ కూడా కాస్త పరిచయం ఉండాలి. 1957లో పుట్టిన భాష, అయినా వాతావరణ మోడల్స్ ఇంకా దాంట్లోనే నడుస్తున్నాయి.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులకి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష పెడుతుంది. ఫిజిక్స్ ఉన్న డిగ్రీ ఫస్ట్ క్లాసులో ప్యాసవ్వాలి, కంప్యూటర్స్ వాళ్లూ రాయొచ్చు. మూల వేతనం 35,400తో మొదలు. 2022లో 990 పోస్టులు పడ్డాయి. అంతకుముందు పరీక్ష 2017లో! అంటే ఏటా వచ్చేది కాదు, దీనొక్కదాన్నే నమ్ముకుని ఇంట్లో కూర్చోకూడదు. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేస్తే పుణేలో వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం, నోయిడాలో మోడల్స్ కేంద్రం, హైదరాబాదులో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉన్నాయి. ఉప్పెన ఎంత ఎత్తు లేస్తుందో లెక్కగట్టేది ఆ ఇన్‌కాయిసే, మన తీరానికి చాలా కావలసిన పని. ఎయిర్ ఫోర్స్ మెటియొరాలజీ బ్రాంచిలో పీజీ చేసిన అమ్మాయిల్ని తీసుకుంటారు. గాలిమరలు, సోలార్ ప్లాంట్లు నడిపే కంపెనీలు రేపు ఎంత కరెంటు వస్తుందో ముందే చెప్పాలి కాబట్టి ప్రైవేటులోనూ అవకాశాలు ఉన్నాయి.

మన దగ్గర ఇంకో పని కూడా ఉంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని లంకల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. భద్రాచలంలో నీళ్లు పెరిగితే ఇక్కడికి ఎప్పటికి, ఎంత ఎత్తున వస్తాయన్న లెక్క వరద అంచనావాళ్లది. దానికి సివిల్ ఇంజనీరింగ్ చదివి, కేంద్ర జల సంఘం వైపు వెళ్లాలి. మీ పిల్లకి ఆకాశం కంటే ఏరు నచ్చితే అదీ ఆలోచించండి.

పోస్టింగ్ సంగతి: దేశంలో ఎక్కడైనా వేస్తారు, షిఫ్టులుంటాయి, నైట్ డ్యూటీ ఉంటుంది. తుపాను రోజున అందరూ ఇంట్లో తలుపులేసుకుంటే వీళ్లు ఆఫీసులో ఉండాలి. దీన్ని మీ దగ్గర దాచి లాభం లేదు. కానీ మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో చదువుకున్న అన్నా మణి అనే ఆవిడ ఇదే శాఖలో పరికరాల తయారీని ఒక దారిన పెట్టి, డిప్యూటీ డైరెక్టర్ జనరల్ దాకా వెళ్లారు. అప్పటి ప్రయాణాలు, హాస్టళ్లు ఎలా ఉండేవో ఊహించుకోండి.

ఇప్పుడు మీ అమ్మాయికి ఒక పని. పబ్లిక్ పరీక్షలు అయ్యాక, జూన్ నుంచి. నిటారు గోడలున్న డబ్బా ఒకటి చెట్టు, చూరు తగలని చోట పెట్టి, రోజూ పొద్దున 8:30కి అందులో నీరు స్కేలుతో కొలవమనండి. శాఖవాళ్లు కొలిచేదీ ఆ వేళకే. ఒక్క మిల్లీమీటరు వాన పడితే ఎకరంలో నాలుగు వేల లీటర్ల పైన నీళ్లు పడ్డట్టు, నాలుగెకరాలకి ఎంతో తనే లెక్కేసి మీకు చెబుతుంది. తర్వాత ఫోన్ చూడకుండా, ఆకాశం, గాలి చూసి రేపు ఏమవుతుందో తన అంచనా రాయాలి. ఆ తర్వాతే యాప్ తెరిచి పక్కన అదీ రాయాలి. మర్నాడు ఎవరు తప్పారో ఎర్ర పెన్నుతో. 60 రోజులు ఒక్క రోజు కూడా మానకుండా రాస్తే ఆ పుస్తకం ఫొటోలు తీసి నాకు పంపమనండి. తప్పులు ఎక్కువున్నా ఫర్వాలేదు, కొట్టివేతలు చెరపకుండా పంపాలి.