పీత బ్లాక్ ప్రింట్‌లో కాళ్లు ఆరే ఉన్నాయి, ఇందులో ఏం చూడాలి?

గృహప్రవేశానికి ఫ్రెండ్ ఇచ్చిన పీత ప్రింట్ చిన్నపిల్లలు గీసినట్టుంది, కాళ్లు కూడా ఆరే అన్నారు కదా. నేనూ మొదట కాళ్లే లెక్కపెట్టానండి, డెక్కలతో కలిపి పది ఉండాలి మరి. చెన్నై ఈసీఆర్ రోడ్డు మీద చోళమండల్ కళాకారుల ఊళ్లో చూసి ముచ్చటపడి ఒకటి కొన్నా, మా ఆవిడేమో కాసిమేడు చేపల రేవులో ఇంతకంటే మంచి ఎండ్రకాయలు దొరుకుతాయి, పైగా వండుకోవచ్చు అంది (వాళ్ల వైపు ఎండ్రకాయ, మా బందరు వైపు పీత).

నాకు బుద్ధొచ్చింది లైనో షీట్ (చెక్క బదులు చెక్కుకునే మెత్తటి లినోలియం) మీద నేనే ఒక పీతని చెక్కబోయినప్పుడు. ఇందులో తవ్వి తీసేసింది తెల్లగా ఉండిపోతుంది, మిగిల్చిందే నల్లగా పడుతుంది, అంటే సన్నటి కాలు ఒక్కటి నిలబడాలంటే దానికి రెండు పక్కలా తవ్వుకుంటూ పోవాలి, మూడో కాలు దగ్గర ఉలి జారి సగం డెక్క ఎగిరిపోయింది, మిగిలిన పెద్ద డెక్క కుడివైపు చెక్కితే కాగితం మీద ఎడమవైపు తేలింది. పెడనలో కలంకారీ అచ్చులు తిరగేసి చెక్కడం చిన్నప్పుడు చూసినవాణ్ణే, అయినా మర్చిపోయా! ఆ దెబ్బతో ఆరు కాళ్లతో ఆపేసినాయన మీద గౌరవం పెరిగింది.

జపాన్‌లో పూర్వం గీసేది ఒకరు, చెక్కేది ఒకరు, అచ్చేసేది ఇంకొకరు. 1904లో యమమోతో కనాయె జాలరి బొమ్మని తనే గీసి తనే చెక్కి తనే అచ్చేశాడు, అక్కడి ఆధునిక ప్రింట్లకి అదే మొదలంటారు. అలా చేసేవాళ్లకి ఉలి జాడ దాచాల్సిన తప్పు కాదు, అదే వాళ్ల చేతిరాత.

అందుకని మీదాన్ని గోడ మీంచి దించి పొద్దున్నే కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకోండి. చెక్క దిమ్మతో వేసిందైతే సిరాలో చెక్క గీతలు కనిపించొచ్చు, నాదాంట్లో అవి పీత వీపు మీదుగా అలల్లా పోతాయి, అది కనిపెట్టడానికి నాకు ఏడాది పట్టింది. తెల్లటి చోట అక్కడక్కడా నల్ల గీతలు మిగిలుంటే అవి ఉలికి అందని గట్లు, నాకైతే అవే ఇష్టం. కింద పెన్సిల్‌తో 4/20 అనుంటే ఇరవై కాపీల్లో నాలుగోదని.

ఫ్రేమ్ కట్టించేటప్పుడు మాత్రం కాగితం అద్దానికి ఆనకుండా చూసుకోండి. తిరువాన్మియూర్ ఉప్పుగాలికి, తేమకి రెండు వానాకాలాల్లోనే నాదానికి బూజు చుక్కలు పడ్డాయి, ఇప్పుడే ఇసకలో ఉన్నట్టుంది అంటుంది మా ఆవిడ.