గిరిజన పిల్లలకు వారి భాషతో, వారి ఆచారాలతో చదువు మొదలుపెడితే ఫలితాలు నిజంగా మారతాయా?

మారతాయి. ఇందులో చర్చించడానికి ఏముందో నాకు అర్థం కాదు. సీతంపేట కొండల్లో సవర పిల్లల బడిలో తొమ్మిదేళ్లు పనిచేశాను. మొదటి సంవత్సరం పాఠం చెప్పాననుకోవడమే గానీ చెప్పింది లేదు.

1997లో చేరేనాటికి నాకు ఒక్క సవర ముక్క రాదు. తెలుగులాగే ఉంటుందిలే అనుకున్నాను. కోయ, గోండి అయితే ద్రావిడ భాషలు, తెలుగుకు చుట్టాలు. సవర ముండా కుటుంబానిది, మనకు ఏమీ కాదు. ఒకటో తరగతిలో ఒక పాప ఐదు నెలలు నోరు విప్పలేదు. హాజరుపట్టీలో ఆమె పేరు పక్కన 'మందబుద్ధి' అని రాసుకున్నాను. పెన్సిలుతో రాశానన్నది ఒక్కటే ఇప్పుడు నాకున్న ఊరట.

సంక్రాంతి వెళ్లాక ఒకరోజు బడికి ఇద్దరే వచ్చారు. ఊళ్లో కందికొత్తల పండుగకు సిద్ధమవుతున్నారట. పిల్లలను పట్టుకొద్దామని కోపంగా కొండ ఎక్కాను. పోడు చేలో కంది విరగకాసి ఉంది. ఆకలి మీద ఒక కాయ తెంపి, ఒలిచి నోట్లో వేసుకోబోతుంటే, ఎటునుంచి వచ్చిందో ఆ పాప, నా చేతి మీద ఒక్కటి వేసింది. గింజలు నేలపాలయ్యాయి. నడుము మీద చేతులు పెట్టుకొని గడగడా ఏదో చెబుతూనే ఉంది. నవ్వాలో తలూపాలో తెలియక నిలబడ్డాను. ఐదో తరగతి చదివే వాళ్ల అన్న వచ్చి విడమరిచాడు: "కొత్త కంది ముందు దేవతకు పెట్టాలి మాస్టారూ. అప్పటిదాకా మేమే తినం. ఇది కూడా రాదా మీకు అని అడుగుతోంది."

ఆ అన్ననే గురువుగా పెట్టుకున్నాను. కంది, సామ, చోడి గింజలతో లెక్కలు మొదలుపెట్టాం. పాప నోరు తెరిచింది. తర్వాత మూయించడమే కష్టమైంది. తనిఖీకి వచ్చిన అధికారి మాత్రం ఈ గింజలు పుస్తకంలో ఏ పేజీలో ఉన్నాయని అడిగారు.

అన్నట్టు, ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేసి వాడుక భాష మీద ఉపన్యాసాలు దంచుతాం. ఆయన పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు బళ్లు పెట్టిన సంగతి ఆ రోజు ఎంతమంది నోట వస్తుంది? 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు కొత్తగా కనిపెట్టినట్టే మాట్లాడుకున్నాం. పుస్తకాలు బాగానే ఉన్నాయి. కానీ నాకు సవర పట్టుబడ్డాక నన్ను మైదానానికి బదిలీ చేసి, ఒక్క ముక్క రాని వారిని నా స్థానంలో వేశారు. ఇక పుస్తకం ఏం చేస్తుంది?

ఒక్క పాపను చూసి ఇంత గట్టిగా చెబుతారా అంటారేమో. చెబుతాను. పదో తరగతి తప్పిన పిల్లల్లో చాలామంది ఒకటో తరగతిలోనే తప్పారు. మనం పదేళ్లు ఆలస్యంగా ప్రకటిస్తాం, అంతే.

ఆ పాప పదో తరగతి గట్టెక్కింది. ఇప్పుడు ఆమెకే బడికి వెళ్లే పిల్లలు. ఏటా పండుగ అయ్యాక ఫోను చేస్తుంది. "కొత్త పెట్టేశాం మాస్టారూ, ఇక మీరు తినొచ్చు" అంటుంది.