టిఫిన్ సెంటర్‌లో భయపడాల్సింది గ్యాస్ బండకా, బజ్జీల బాండీకా?

ప్రశ్న: చిన్న టిఫిన్ సెంటర్ పెడుతున్నాం. వంటింట్లో అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది గ్యాస్ బండ దగ్గరేనా?

అందరూ బండనే చూపిస్తారు. గ్యాస్ లీకైతే కనీసం వాసనైనా వస్తుంది. నన్నడిగితే మొదటి ముప్పు బజ్జీల బాండీయే.

సాయంత్రం రద్దీలో మాస్టర్ మంట తగ్గించకుండా పార్సిల్ కట్టడానికి వెళ్తాడు. బజ్జీకి 170–180 డిగ్రీల వేడి చాలు. 230 దగ్గర్లో నూనె పొగలు కక్కుతుంది. 350 దాటాక అగ్గిపుల్ల అక్కర్లేదు, దానంతటదే భగ్గుమంటుంది. పక్కనున్న కుర్రాడు కంగారులో మగ్గుతో నీళ్లు కొడతాడు. ఆ నీళ్లు నూనె అడుగుకి దిగి, ఆవిరై, దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతాయి. మండే నూనె తుంపరలై కప్పుదాకా లేస్తుంది. పైన ఎగ్జాస్ట్ గొట్టంలో జిడ్డుంటే అదీ అంటుకుంటుంది. ఆ ఫిల్టర్లు వారానికోసారి కడగమంటే "పండక్కి చేద్దాం సార్" అంటారు!

బాండీ కన్నా నాలుగు వేళ్లు వెడల్పున్న స్టీలు మూత, పొడవాటి పిడితో, పక్కనే ఉండాలి. గాజు మూత పనికిరాదు. ముందు గ్యాస్ కట్టేయాలి. నాబ్ మంటల్లో ఉంటే చెయ్యి పెట్టొద్దు, మెయిన్ వాల్వ్ తిప్పాలి. అందుకే ఆ వాల్వ్ పొయ్యి వెనకో బియ్యం బస్తాల వెనకో కాదు, తలుపు దగ్గర ఉండాలి. మూతని మనవైపు అంచు నుంచి అవతలికి జరుపుతూ మూయాలి. అరగంటైనా తీయొద్దు. లోపలి నూనె ఇంకా అంతే వేడిగా ఉంటే గాలి తగలగానే మళ్లీ లేస్తుంది. మండుతున్న బాండీని బయటికి మోసుకెళ్లడం అన్నిటికన్నా తెలివితక్కువ పని.

తనిఖీకి చూపించడానికి గోడకి తగిలించే ఏబీసీ పౌడర్ సిలిండర్ (పొడి చల్లి మంటలార్పేది) మంటని అణుస్తుంది కానీ నూనెని చల్లార్చదు. క్లాస్ ఎఫ్ (అంటే వంట నూనె మంటలకి) అని రాసున్న వెట్ కెమికల్ సిలిండర్, అంటే రసాయన ద్రావణం చల్లేది, కొనండి. అది నూనె మీద సబ్బు నురగలాంటి పొర కట్టి, వేడి కూడా లాగేస్తుంది.

వాడిన నూనెనే మళ్లీ మళ్లీ కాచినకొద్దీ తక్కువ వేడికే పొగ వస్తుంది. పోలార్ కాంపౌండ్లు, అంటే నూనె కాగినకొద్దీ విరిగి పేరుకునే పదార్థాలు, 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధన 2018 నుంచీ ఉంది. మిరపకాయలు తడి లేకుండా తుడిచి, గాటు పెట్టి వేయండి. లేకపోతే లోపలి ఆవిరికి పేలి మొహాన చిందుతుంది.

ఒళ్లు కాలితే ఆ చోటుని 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టాలి. టూత్‌పేస్టు, సిరా, ఇడ్లీ పిండి పూయనివ్వకండి.