ట్యాబ్ లాక్కుంటే సరిపోదు మేడమ్

గాజువాకలో మీ ఎనిమిదో తరగతి పిల్లలు ట్యాబ్‌లలో ఒకరి పాస్‌వర్డ్ ఒకరు వాడేసి, తోటి అమ్మాయి ఫొటో గ్రూపులో పెట్టారన్నారు కదా. ముందు ఆ ఫొటోను గ్రూపులోంచి తీసేయించండి. ఎవరు, ఎప్పుడు పెట్టారో రాసుకుని ఆ అమ్మాయి ఇంట్లోవాళ్లకు మీరే చెప్పండి. అందరి ముందూ విచారణ పెడితే ఆ పిల్ల బడికే రాదు.

పాస్‌వర్డ్ మీద ఉపన్యాసం మాత్రం వద్దండీ. పెందుర్తిలో నేను చేసింది చెప్తాను. ‘నా పాస్‌వర్డ్ ఊరి పేరు, పక్కన మూడు అంకెలు, కనిపెట్టండి’ అన్నాను. వెనక బెంచీవాడు రెండోసారికే ‘వైజాగ్123’ అనేశాడు! క్లాసంతా గొల్లుమంది. అప్పుడు సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు కలిపి కొత్తది కట్టించాను, అభ్యాసానికే లెండి, అసలుది ఎవరూ బయటికి చెప్పకూడదుగా.

ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్న సంగతి వాళ్లనే ఇంట్లో అమ్మమ్మకు నేర్పమనండి. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే 1930, పిల్లల్ని ఎవరైనా వేధిస్తే 1098. ఈ రెండు నంబర్లూ బోర్డు మూల చెరపకుండా ఉంచండి.