పంచాయతీకి అధికారమొస్తే పేదలకేం ఒరుగుతుంది?

ప్రశ్న: ఈమధ్యే వార్డు మెంబర్‌గా గెలిచాను. పంచాయతీలకు అధికారాలిస్తే పేదరికం తగ్గుతుందంటారు. మా ఊళ్లో పెత్తనం ఎప్పుడూ నాలుగిళ్లదే. ఇంకా అధికారమిస్తే వాళ్లకే బలం కాదా?
– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: మీ అనుమానం న్యాయమైనదేనమ్మా. నేను పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరయ్యాను. గ్రామసభ జరక్కుండానే రిజిస్టరు ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించిన ఊరిని చూశాను. అలాంటి చోట అధికారం వచ్చినా పేదవాడి గడప దాకా రాదు.

అయినా నాకు నమ్మకం పోలేదంటే కారణం కేరళ. 1996లో ఆ రాష్ట్రం ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థల చేతికిచ్చింది. ఉత్త అధికారం కాదు, డబ్బు! 1998లో మొదలైన కుటుంబశ్రీ మహిళా సంఘాలు పంచాయతీలతో కలిసి నడిచాయి. ఈ పునాది మీదే 2021 తర్వాత కడు పేదల్ని వెతికారు. తిండి, ఆరోగ్యం, ఆదాయం, ఇల్లు చూసి వార్డుల్లో పేర్లు రాశారు, గ్రామసభల ముందు పెట్టారు. 64,006 కుటుంబాలు తేలాయి. వాళ్లలో రేషన్ కార్డు కూడా లేనివాళ్లున్నారు. కార్డే లేని మనిషి రాజధానిలో కూర్చున్న ఆఫీసరుకు ఎలా కనిపిస్తాడు? వార్డు వాళ్లకే తెలుస్తాడు. ఒక్కో ఇంటికీ విడిగా ప్రణాళిక వేశారు: ఒకరికి మందులు, ఒకరికి వండిన అన్నం, ఇంకొకరికి ఇల్లు. 2025 నవంబరు 1న కడు పేదరికం పోయిందని ప్రభుత్వం ప్రకటించింది. ఆ లెక్కను కొందరు ఆర్థికవేత్తలు ప్రశ్నించారు, ప్రశ్నించాల్సిందే. వెతికిన పద్ధతి మాత్రం నాకు ఎంతో నచ్చింది. భూసంస్కరణలు, చదువు అక్కడ ముందే ఉన్నాయి, అదీ మర్చిపోకూడదు.

మీరడిగిన నాలుగిళ్ల పెత్తనం సంగతికి దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశాన్ని చూడండి. 1994 చట్టంతో పన్నుల రాబడిలో 20 శాతం జనాభాను బట్టి మున్సిపాలిటీలకు పంచారు. దాంతోపాటే స్థానిక సంఘాల మనుషులతో నిఘా కమిటీలు పెట్టారు. లెక్క తేడాగా ఉంటే నిధులు ఆపించమని అడిగే హక్కు వాటికుండేది. ఆ తర్వాత పేద మున్సిపాలిటీల్లో డబ్బు బడులకు, నీళ్లకు, మురుగుకాల్వలకు ఎక్కువగా మళ్లింది.

మన దగ్గర అలాంటి కమిటీ లేదని ఆగకండి. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. మీ వార్డులో పింఛను రాని ఒంటరి మనిషి, కార్డు లేని ఇల్లు ఎక్కడున్నాయో మహిళా సంఘం వాళ్లతో తిరిగి రాయండి. ఆ పేర్లు సభలో మీరే చదివి, తీర్మానం పుస్తకంలో ఎక్కించమని పట్టుబట్టండి. రాసింది చూశాకే సంతకం చేయండి.